లారీ నార్మన్ ఎల్‌పీ: 1972 నాటిదేనా?

అమెరికన్ క్రైస్తవ రాక్ గాయకుడు లారీ నార్మన్ ‘ఓన్లీ విజిటింగ్ దిస్ ప్లానెట్’ ఎల్‌పీ (పెద్ద గ్రామఫోన్ రికార్డు) పోయిన నెల సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. 1972లో వచ్చిన ఒరిజినల్ అన్నారు. ఆయన 1969 సోలో ఆల్బమ్ కోసం తిరిగి తిరిగి దొరక్క దీనికి ఆశపడ్డాను లెండి.

రికార్డు మధ్యలోని కాగితపు లేబుల్ మీద రికార్డు కంపెనీ పేరు వర్వ్ అనే ఉంది, కానీ అంచు అరిగి ఏడాది కనబడట్లేదు. అట్ట మాత్రం కొత్తదిలా తళతళలాడుతోంది, అదే అనుమానం. ఆన్‌లైన్ ఫొటోలతో పోల్చాను. లేబుల్ రంగు ఫొటోకో రకంగా ఉంది. ఆఖరి పాట తర్వాత లేబుల్ చుట్టూ ఉండే ఖాళీ జాగాలో చేత్తో గీకిన అంకెలున్నాయి, రెండు వైపులా వేర్వేరుగా. టార్చ్ వేసి చదివినా అర్థం కాలేదు.

ఆ అంకెలను బట్టి ఇది మొదటి ప్రెస్సింగో (మొదటి విడతలో అచ్చొత్తిన రికార్డో), తర్వాతదో ఎలా తెలుస్తుంది?