బస్సు డిక్కీలో బ్యాటరీ పార్సిళ్ళు: పూర్తిగా ఆపాలా, రూలు పెట్టి వదలాలా?

మడివాళ అక్క
నెలకి రెండుసార్లు బెంగళూరు నుంచి కర్నూలుకి స్లీపర్ బస్సులో వెళ్తాను. మొన్న శుక్రవారం రాత్రి మడివాళలో ఎక్కేటప్పుడు డిక్కీ తెరిచి ఉంది, మా సూట్‌కేసులన్నీ ఓ మూలకి నెట్టేసి ఒక కుర్రాడు అట్టపెట్టెలు పేరుస్తున్నాడు. ఒకదాని మూల చిరిగి లోపల నీలం ప్లాస్టిక్ చుట్టిన స్కూటర్ బ్యాటరీ కనిపించింది. దాని ఎర్ర వైరు బయటికి వేలాడుతోంది, కొనకి టేపు కూడా లేదు. పెట్టె మీద స్కెచ్ పెన్నుతో 'స్పేర్స్' అని రాసుంది. క్లీనర్‌ని అడిగితే "రోజూ వెళ్ళేవే అక్కా, ఏం కాదు" అన్నాడు. నా బెర్తు సరిగ్గా దాని పైనే. రాత్రంతా నిద్రపట్టలేదు.

2025 అక్టోబరు 24న కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర బస్సు కాలిపోయి 19 మంది ప్రయాణికులు పోయారు కదా, ఆ డిక్కీలో 200కి పైగా ఫోన్ల పార్సిల్ ఉందని, బ్యాటరీలు పేలి మంట ఇంకా పెరిగిందని వార్తల్లో వచ్చింది. అందుకే నా మాట ఒకటే. మనుషులెక్కే బస్సులో వ్యాపార పార్సిల్ ఒక్కటి కూడా ఎక్కకూడదు. మీరేమంటారు?

అనంతపురం సెల్ పాయింట్
అక్కా, మీ భయం అర్థమవుతోంది. కానీ అక్కడ నిప్పు మొదలైంది బస్సు కింద ఇరుక్కున్న బైకు వల్ల, పార్సిల్ వల్ల కాదు. నాకున్నది చిన్న షాపు. సాయంత్రం బెంగళూరు ఎస్పీ రోడ్డు హోల్‌సేల్ షాపులకి ఫోన్ చేసి ఆర్డరిస్తే పొద్దునకల్లా సరుకు దిగుతుంది. లారీ సర్వీసులో వేస్తే రెండు మూడు రోజులు, అంతసేపు కస్టమర్ ఆగడు. బస్సులో ఆపేస్తే ఏమవుతుందంటే, ఒక కుర్రాడికి టికెట్ కొనిచ్చి అదే సరుకు బ్యాగులో పెట్టి పంపిస్తారు, అప్పుడది డిక్కీలో కాదు, మీ పక్క బెర్తులో ఉంటుంది.

దేవనగొంది ట్యాంకర్
నేను పెట్రోలు ట్యాంకర్ డ్రైవర్ని. ప్రమాదకర సరుకు నడపాలంటే మూడు రోజుల ట్రైనింగ్ చేసి లైసెన్స్ మీద ఎండార్స్‌మెంట్ వేయించుకోవాలి. నా బండి మీద పెట్రోలుకిచ్చిన యూఎన్ నంబరు 1203, మంట గుర్తు దూరం నుంచే కనిపిస్తాయి, క్యాబిన్‌లో ట్రెమ్ కార్డు ఉంటుంది, లీకైతే ఏం చెయ్యాలో, ఎవరికి ఫోన్ చెయ్యాలో అందులో ఉంటుంది. 1989 మోటారు వాహనాల రూల్స్‌లో 131 ప్రకారం సరుకు పంపేవాడు అదేమిటో పూర్తిగా చెప్పాలి, 132 ప్రకారం బండి ఓనరు దాన్ని సరిచూసుకుని డ్రైవరుకి చెప్పాలి. నేనేం మోస్తున్నానో నాకు తెలుసు. అక్క ఎక్కిన బస్సు డ్రైవరు వెనక నలభై మందిని పడుకోబెట్టుకుని, కింద ఏముందో తెలీకుండా రాత్రంతా నడుపుతున్నాడు. మంటలొస్తే కేసు మాత్రం మొదట ఆయన మీదే పడుతుంది.

హెబ్బాళ 77
అక్కతోనే నేను. రైల్లో టపాకాయలో గ్యాస్ సిలిండరో తీసుకెళ్తే రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు. 2023 అక్టోబరులో బెంగళూరు దగ్గరి అత్తిబెలెలో టపాకాయల గోడౌన్ దగ్గర లారీ నుంచి సరుకు దించుతుండగానే అంటుకుని 14 మందికి పైగా పోయారు. బస్సుకి వేరే న్యాయం ఏమిటి?

సెల్ టెస్టింగ్
బ్యాటరీ ప్యాకులు పరీక్షించే పని నాది. అన్నీ ఒకే గాటన కట్టకండి. సీలు తియ్యని డబ్బాలో కొత్త ఫోను ఒకటి, విడిగా వచ్చే స్కూటర్ ప్యాకు ఇంకొకటి, ఉబ్బిపోయిన పాత బ్యాటరీ పూర్తిగా వేరే సంగతి. ప్రమాదకర సరుకుకిచ్చే నంబర్లలో విడి లిథియం బ్యాటరీలకి యూఎన్ 3480, ఫోనులో బిగించి ఉన్నవాటికి 3481, నంబర్లే వేరు. విడి బ్యాటరీలని ప్రయాణికుల విమానంలో కార్గోగా వెయ్యడం 2016 ఏప్రిల్ నుంచి నిషేధం, కార్గో విమానంలో కూడా ఛార్జింగ్ 30 శాతం దాటకూడదు. ఛార్జింగ్ ఎంత ఎక్కువుంటే మంట అంత తీవ్రంగా ఉంటుంది. ప్యాకు లోపల ఉండే చిన్న బ్యాటరీల్లో (సెల్స్) ఒకటి వేడెక్కి పేలితే ఆ వేడికి పక్కది పేలుతుంది, బస్సులో ఉండే మంటలార్పే పౌడర్ సిలిండరుతో మంట ఆరినట్టు కనిపించినా లోపలి వేడి తగ్గక మళ్ళీ అంటుకుంటుంది. చల్లారాలంటే నీళ్ళు చాలా కావాలి, హైవే మీద అర్ధరాత్రి అన్ని నీళ్ళు ఎక్కడివి? పైగా మూసిన డిక్కీలో ఆ పొగ విషం, దానికే నిప్పంటుకుంటుంది. అందుకే విడి ప్యాకులు, పాతవి బస్సులో అసలొద్దు. సీలున్న ఫోన్లయితే బిల్లు మీద ఉన్నదున్నట్టు రాసి, సంఖ్యకి పరిమితి పెట్టి పంపొచ్చని నా అభిప్రాయం.

మడివాళ అక్క
పరిమితి లెక్కపెట్టేదెవరండీ? రాత్రి పదకొండుకి ఆ కుర్రాడా? అనంతపురం అన్నా, ఒక్కటి అడుగుతా, ఏమీ అనుకోకండి. మీ పార్సిల్ మీద ఏం రాయిస్తారు?

అనంతపురం సెల్ పాయింట్
నిజం చెప్తా అక్కా. 'మొబైల్ యాక్సెసరీస్' అని రాయిస్తాను. బ్యాటరీ అంటే బుకింగ్‌లో తీసుకోరు, తీసుకున్నా రెట్టింపు అడుగుతారు. వారంటీకి వెనక్కి పంపే ఉబ్బిన బ్యాటరీలు కూడా నెలకోసారి ఒక పెట్టెలో వేసి అదే బస్సుకి ఇస్తున్నాను. అవే అన్నిటికన్నా చెడ్డవని పైన చదివేదాకా నాకు తెలీదు, ఇందాకే మా తమ్ముడికి ఫోన్ చేసి ఈ నెల పెట్టె ఆపించాను. పార్సిళ్ళన్నీ ఆపాలన్న మాట మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. ఇప్పుడు ఈ పాతవాటిని ఏం చెయ్యాలి?

సెల్ టెస్టింగ్
2022 బ్యాటరీ వ్యర్థాల రూల్స్ ప్రకారం పాతవి వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారుదే. డిస్ట్రిబ్యూటర్‌కి మెయిల్ పెట్టి, వచ్చి తీసుకెళ్ళమని అడగండి. ఈలోపు ఒక్కోదానికీ కనెక్టర్ మీద టేపు వేసి, ఒకదానికొకటి తగలకుండా పొడి ఇసుక పోసిన ఇనుప డబ్బాలో పెట్టి, ఆ డబ్బా షాపు బయట ఎండ తగలని చోట ఉంచండి. ఉబ్బినదాన్ని నొక్కొద్దు, గుచ్చొద్దు.