చెరువుల పక్క చేనుకి ఉప్పు ఎక్కింది, బాగుచేసుకున్నవాళ్ళు ఉన్నారా?

ఉప్పుటేరు_గట్టు:
మాది ఆకివీడు దగ్గర. చేనుకి రెండు పక్కలా రొయ్యల చెరువులు వచ్చేశాయి. దాళ్వాలో (రెండో పంటలో) ఊడ్పులయ్యాక మొక్క తేరుకోవట్లేదు, ఆకుల కొసలు ఎండిపోతున్నాయి. గట్ల మీద తెల్లటి పొర కడుతోంది. మందుల షాపులో అడిగితే జిప్సం చల్లమన్నారు. ఇలాంటి చేను మళ్ళీ దారికి తెచ్చుకున్నవాళ్ళు ఉంటే చెప్పండి. అందరూ చెరువుకి లీజుకి ఇచ్చేయమంటున్నారు. నాన్నగారు ససేమిరా అంటున్నారు, నాకూ ఇష్టం లేదు.

నేల_పరీక్ష:
జిప్సం కొనకండి, ఆగండి. ముందు మట్టి పరీక్ష చేయించండి. చెరువు పక్క మడిలోదీ, చేను మధ్యలోదీ వేర్వేరుగా ఇవ్వండి. రిపోర్టులో ఈసీ (నేలలో ఉప్పు ఎంతుందో చెప్పే అంకె), పీహెచ్ (క్షారగుణం ఎంతుందో చెప్పే అంకె) చూడండి. ఈసీ 4 దాటి, పీహెచ్ 8.5 లోపు ఉంటే అది పాలచౌడు. మీరు చెప్పిన తెల్లపొర దాని లక్షణమే. దానికి జిప్సంతో పని లేదు. మంచినీళ్ళు నిలగట్టి ఉప్పుని కరిగించి, ఆ నీళ్ళని బయటికి తీసేయాలి, అంతే.

పీహెచ్ 8.5 దాటి, నేల తడిస్తే జిగటగా, ఎండితే రాయిలా అవుతుంటే అది కారుచౌడు. అక్కడ జిప్సం కావాలి. మట్టిని పట్టుకున్న సోడియంని అందులోని కాల్షియం విడిపిస్తుంది. ఆ తర్వాత మళ్ళీ నీళ్ళతో కడగాల్సిందే. రెండూ చౌడే కదా అని ఒకే మందు వేసి డబ్బు పోగొట్టుకునేవాళ్ళని చూస్తే బాధేస్తుంది.

ఇంకో మాట. వరికి ఈసీ 3 దాటితే దిగుబడి పడిపోవడం మొదలవుతుంది. లేత మొక్కప్పుడూ, పూత మీదున్నప్పుడూ ఉప్పుని అసలు ఓర్చుకోదు. నీళ్ళ ఎద్దడి ఉన్నా ఆ రెండు సమయాల్లో మాత్రం మంచినీళ్ళు అందేలా చూసుకోండి.

భీమవరం_దాళ్వా:
పైన చెప్పింది నిజమే. కానీ కడిగిన నీళ్ళు పోవడానికి దారి ఉండాలి కదండీ! చెరువులో నీటి మట్టం మన చేను కంటే ఎత్తులో ఉంటుంది. పగలూ రాత్రీ ఊట దిగుతూనే ఉంటుంది. మేము చెరువు గట్టుకీ చేనుకీ మధ్య లోతుగా ఊట బోదె (ఊట నీళ్ళు పట్టే చిన్న కాలువ) తవ్వించి మురుగు కాలువలో కలిపాం. ఊరి పెద్దల్ని కూర్చోబెడితే ఖర్చులో సగం చెరువు వాళ్ళు పెట్టుకున్నారు. మొదటి సార్వా (వానాకాలం పంట) వానలకే తేడా కనిపించింది, రెండో ఏడు గట్టు పక్క మడి కూడా దుబ్బు కట్టింది. బోదె పూడిక మాత్రం ఏటా తీయించాలి, లేదంటే మళ్ళీ మొదటికొస్తుంది.

కోనసీమ_కౌలు:
అన్నా, మీ మురుగు కాలువ పారుతోంది కాబట్టి సరిపోయింది. మా ఉప్పలగుప్తం వైపు కాలువల నిండా గుర్రపుడెక్క. సముద్రం పోటు మీదుంటే ఉప్పు నీళ్ళు మురుగు కాలువ లోంచే పైకి ఎక్కి వస్తాయి. సార్వాలో పెద్ద వాన పడితే చేలు రోజుల తరబడి మునిగే ఉంటాయి. 2011లో కోనసీమ రైతులు పంట విరామం అని సాగు మానేసినప్పుడు బయట అందరూ మద్దతు ధర గురించే మాట్లాడారు. ఈ మురుగు గోడు కూడా అప్పటి డిమాండ్లలో ఉంది.

కౌలుదారుడికి ఇంకో కష్టం ఉంది. బోదె తవ్వి, పచ్చిరొట్ట వేసి నేలని బాగుచేస్తే, వచ్చే ఏడు ఆ చేను నాకే ఇస్తారని నమ్మకం ఏమిటి? చెరువు వాళ్ళు ఎకరాకి ఇచ్చే లీజు ముందు మా కౌలు ఆనదు. భూమి ఉన్నవాళ్ళని తప్పు పట్టట్లేదు. మాలాంటి వాళ్ళు ఆ లెక్కలో ఎక్కడా లేరని చెబుతున్నాను.

కొచ్చిలో_తెలుగు:
ఉద్యోగం వల్ల ఇక్కడుంటున్నాను. ఎర్నాకుళం చుట్టుపక్కల పొక్కాలి చేలు చూశాక మన డెల్టా గుర్తొచ్చి రాస్తున్నా. వీళ్ళు కూడా వరీ, రొయ్యలూ ఒకే చేలో తీస్తారు, కానీ కాలం పంచుకుంటారు. వానలకి ఉప్పు కడుక్కుపోయాక జూన్ నుంచి వరి. కోతలయ్యాక నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తూము తీసి పోటు నీళ్ళతో వచ్చే రొయ్య పిల్లల్ని పెంచుతారు. వరి దుబ్బులు కుళ్ళి రొయ్యలకి మేత, వాటి వ్యర్థం వరికి ఎరువు. మన వనామీ రొయ్యల చెరువుల్లో ఏడాది పొడుగునా మేత, మందులు, ఏరేటర్లు. నేల కడుక్కునే కాలమే ఉండదు. ఇక్కడా కూలీలు దొరక్క వరి మానేస్తున్నవాళ్ళు ఉన్నారు, అదీ చెప్పాలి.

దివిసీమ:
ఉప్పుటేరు గారూ, మా కోడూరు, నాగాయలంక వైపు ఉప్పు కొత్త కాదు. రకం మార్చి చూడండి. మచిలీపట్నం పరిశోధన స్థానం వాళ్ళ ఎంసీఎం 100, ఎంసీఎం 103 చౌడుని తట్టుకుంటాయి. లేత నారు వద్దు, కాస్త ముదురు నారు తీసుకుని కుదురుకి ఒకటి రెండు మొక్కలు ఎక్కువ పెట్టించండి. సార్వాకి ముందు పచ్చిరొట్టకి జీలుగ చల్లి పూతకొచ్చేసరికి కలియదున్నండి, జీలుగ ఉప్పులో కూడా లేస్తుంది. అన్నిటికంటే ముఖ్యం వేసవి. కాలువలకి నీళ్ళు ఆపేశాక చేను ఎండితే అడుగునున్న ఉప్పు తేమతోపాటు పైకొచ్చి పేరుకుంటుంది. దాళ్వా కోత అయిన వెంటనే పైపైన దున్ని వదిలేస్తే అంతగా ఎక్కదు. గడ్డి తగలబెట్టకండి, నేల మీద పరిచి ఉంచండి.

ఉప్పుటేరు_గట్టు:
అందరికీ ధన్యవాదాలు. మట్టి రేపే పంపిస్తాను. భీమవరం అన్నగారూ, బోదె ఎంత లోతు తీయించారు? మా దగ్గర మురుగు కాలువ అడుగే చేను మట్టానికి దగ్గరగా ఉంది.

భీమవరం_దాళ్వా:
అయితే బోదె తవ్వినా నేరుగా కాలువలో కలపకండి, కాలువ నీళ్ళే మీ బోదెలోకి ఎదురొస్తాయి. ముందు కాలువ పూడిక తీయించమని నీటి సంఘం చేత అర్జీ పెట్టించండి. ఈలోగా బోదె చివర తూము పెట్టి, నీళ్ళు నిండినప్పుడు ఇంజనుతో తోడి పోయించడం ఒక్కటే దారి.