టర్కీ కోడి రెక్కకు వేసిన కట్టు నిలవడం లేదు

మా టర్కీ పెట్టకు 7 నెలలు, బరువు 5 కిలోల దాకా ఉంటుంది. ఆరు రోజుల క్రితం కంచె దాటబోయి ఎడమ రెక్క తీగలో ఇరుక్కుంది. అప్పటి నుంచి ఆ రెక్క వేలాడుతోంది, నడిస్తే ఈకల కొసలు నేలకు రాసుకుంటున్నాయి. ఎముక బయటికి రాలేదు కానీ మధ్య కీలు దగ్గర వాపు ఉంది, తాకితే వేడిగా తగులుతోంది. చర్మం అంగుళం మేర చీరుకుపోతే ఉప్పునీళ్లతో కడిగి, బాగా పలచన చేసిన పోవిడోన్ అయోడిన్ రాశాను. అది ఎండి పెచ్చు కట్టింది. చీము లేదు, వాసన లేదు.

ఇబ్బందంతా కట్టుతోనే. రెక్క మడిచి, ఈకలకు అతుక్కోని సాగే బ్యాండేజీని ఎనిమిది అంకెలా చుట్టాను. రాత్రికే జారిపోయింది. రెండోసారి ఒంటి చుట్టూ కూడా ఒక చుట్టు తిప్పితే నోరు తెరిచి రొప్పసాగింది. రొమ్ము ఎముక కదలకపోతే పక్షికి ఊపిరాడదు కదా, భయమేసి వెంటనే విప్పేశాను. మూడోది ముక్కుతో పీకి, పోగులు పోగులుగా చేసి పెట్టింది.

ఇప్పుడు ఎక్కడానికి ఏమీ లేని చిన్న గదిలో, ఎండుగడ్డి పరిచి విడిగా ఉంచాను. మేత తింటోంది, రెట్ట మామూలుగానే ఉంది. తలుపు దగ్గరే నిలబడి మిగతావాటి కోసం అరుస్తుంటే మాత్రం చూడలేకపోతున్నాను. మనుషుల నొప్పి మాత్రలేవీ వేయలేదు. పక్షుల డాక్టర్ అపాయింట్‌మెంట్ ఇంకా నాలుగు రోజులకు ఉంది.

అప్పటిదాకా ఊపిరికి అడ్డం కాకుండా, జారకుండా ఇంత బరువున్న పక్షి రెక్కకు కట్టు ఎలా వేయాలి?