బడి తెరిచిన వారంలో పిల్లల చదువు ఎలా చూస్తున్నారు? మీ అనుభవాలు చెప్పండి

నల్గొండ టీచర్:
అందరికీ నమస్కారం. డీఎస్సీలో కొత్తగా వచ్చాను, ఈ ఏడాది మూడో తరగతి ఇచ్చారు, 27 మంది. జూన్ 12న బడి తెరిచాం, బేస్‌లైన్ (ఏడాది మొదట్లో పిల్లల స్థాయి చూసే పరీక్ష) పెట్టి ఎవరు ఏ స్థాయిలో ఉన్నారో త్వరగా రిజిస్టర్‌లో ఎక్కించమంటున్నారు. మొదటి రోజే నలుగురితో తెలుగు పాఠం చదివిస్తే నలుగురూ గడగడా చదివేశారు. ఎందుకో నమ్మకం కుదరక ఒక బాబును మధ్యలోంచి చదవమన్నాను. ఆగిపోయాడు. మళ్లీ మొదటి లైను నుంచి ఎత్తుకుని అక్కడిదాకా వచ్చాడు, అప్పుడు గమనించాను, వేలు ఒక లైను మీద ఉంది, నోరు ఇంకో లైను చెబుతోంది. పాఠం మొత్తం బట్టీ! మీరంతా ఎలా చేస్తున్నారో కాస్త వివరంగా చెప్పండి, నిజంగా టెన్షన్‌గా ఉంది.

పాతికేళ్ల బడి:
మేడం, ముందు పాఠ్యపుస్తకం పక్కన పెట్టేయండి. వాళ్లెప్పుడూ చూడనిది కావాలి. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు 2005 నుంచి పల్లె పిల్లల చదువు స్థాయి చూడటానికి చేస్తున్న అసర్ సర్వే పద్ధతే నేనూ వాడతాను. అక్షరాలు, చిన్న పదాలు, నాలుగు వాక్యాల పేరా, కొంచెం పెద్ద కథ, ఈ నాలుగూ అట్ట మీద పెద్దగా రాసుకోండి. అందరూ అక్షరాలతో మొదలుపెడతారు, అలా కాకుండా ముందు పేరా ఇవ్వండి. పదం పదం విరవకుండా వాక్యంలా చదివి, మూడు తప్పులు మించకపోతే కథకు వెళ్లండి. తడబడితే పదాలకు దిగండి, ఐదింటిలో కనీసం నాలుగైనా చదవలేకపోతే అక్షరాలకు. అక్షరాలు వరసలో అడగొద్దు, అది పాటలా వచ్చేస్తుంది. చెదరగొట్టి అడిగితే ‘ప’ చూసి ‘వ’ అనేవాళ్లు, ‘మ’ను ‘య’ అనేవాళ్లు బయటపడతారు. అక్షరాలన్నీ వచ్చినా దీర్ఘం మింగేసేవాళ్లుంటారు, ఒత్తు కనపడనట్టే దాటేసి ‘అత్త’ను ‘అత’ అనేవాళ్లుంటారు. రిజిస్టర్‌లో స్థాయి ఒక్కటే రాసి ఊరుకోకండి, ఏ తప్పు చేశాడో ఆ మాటే రాసుకోండి, జులైలో మీకు పనికొచ్చేది అదే.

రెండో తరగతి అమ్మ:
టీచర్లూ, ఒక తల్లిగా చెబుతున్నాను, దయచేసి అందరి ముందూ నిలబెట్టి చదివించకండి. మా పాప ఇంట్లో బస్సు మీద బోర్డులు కూడా కూడబలుక్కుని చదివేది. పోయినేడు క్లాసులో లేపి చదవమంటే తడబడింది, వెనక నుంచి ఎవరో నవ్వారట, అదే రోజు ‘రానివాళ్ల’ వరసలో కూర్చోబెట్టారు. రెండు నెలలు బడిలో నోరు విప్పలేదు.

తండా టీచర్:
మీ మాట నిజం అమ్మా. నేను వరండాలో చాప వేసి ఒక్కొక్కరినే పిలుస్తాను, అదీ మొదటి నాలుగు రోజులు కథలూ ఆటలూ అయ్యాకే. వేసవి సెలవుల్లో పుస్తకం ముట్టని పిల్లను తొలిరోజు అడిగితే ఏం చెబుతుంది? నేను చేసిన తప్పు కూడా చెబుతాను. మా పిల్లల ఇంటి మాట గోర్‌బోలీ, అంటే లంబాడీ భాష. బొమ్మ కింద ‘నీళ్లు’ అని ఉంటే ఒక పాప ‘పాణి’ అంది, చదవడం రాదని రాసేశాను. బొమ్మ మూసి అడిగి ఉంటే ‘నీ’, ‘ళ్లు’ రెండూ చెప్పేదని నెల తర్వాత తెలిసింది. బొమ్మ మూసి చదివించండి, అర్థం ఇంటి మాటలో చెప్పినా ఒప్పుకోండి.

కర్నూలు మాస్టారు:
చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల్లో రెండో తరగతి చివరికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు చదవాలని ఉంది కదా, నేను ఫోన్లో టైమర్ పెట్టి చేస్తున్నాను. సగం మంది 20 దాటట్లేదు.

పాతికేళ్ల బడి:
మాస్టారూ, ఆ అంకె చూసి కంగారు పడకండి. హిందీలో ‘పఢ్ రహా హై’ మూడు పదాలు, మనకు ‘చదువుతున్నాడు’ ఒక్కటే. మన పదం పొడవు, పిల్లవాడికి పట్టే సమయమూ ఎక్కువే. టైమర్ పెట్టినా వాళ్లకు కనిపించనివ్వకండి, చూస్తే పరుగెత్తుతారు, అర్థం వదిలేస్తారు. ఇంకోటి, అట్టను ముక్కు దగ్గర పెట్టుకునే పిల్లలుంటే ముందు కళ్లు చూపించండి. మా దగ్గర ఒకమ్మాయికి అద్దాలు వచ్చాక పదాల నుంచి పేరాకు రావడానికి పదిహేను రోజులు కూడా పట్టలేదు.

నల్గొండ టీచర్:
అందరికీ చాలా థ్యాంక్స్. ఇవాళ వేపచెట్టు కింద తొమ్మిది మందిని చూశాను. మొన్న బట్టీ చదివిన బాబు పదాల స్థాయిలో ఉన్నాడు, ఒత్తుల్లేని పదాలు ఐదుకు ఐదూ చదివాడు. ఆ ఊపులో ‘పిల్లి’ చూపిస్తే ‘పిలి’ అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మళ్లీ చూసుకుని, కిందున్న ఒత్తు మీద వేలు పెట్టి ‘ఇదేంది మేడం?’ అని అడిగాడు. రేపు వాడికి అక్కడి నుంచే మొదలుపెడతాను. ల ఒత్తు పదాలు ఎవరి దగ్గరైనా రాసి ఉంటే పెట్టండి.