ఊనో నుంచి డబ్బా టీవీకి పాల్ వీడియో: పైభాగం కొక్కెంలా వంగుతోంది, నిలువు గీతలు రంపం పళ్లలా వస్తున్నాయి

టంకం_పొగ:

అందరికీ నమస్కారం. ఆర్డుయినో ఊనో మీద లైబ్రరీ ఏదీ వాడకుండా నలుపు-తెలుపు పాల్ (మన దేశపు పాత టీవీ పద్ధతి) వీడియో కోడ్ రాస్తున్నాను. 9వ పిన్ను నుంచి 1 కిలో ఓం మీదుగా సింక్ (గీత, తెర ఎక్కడ మొదలవుతాయో టీవీకి చెప్పే పల్సు), 7వ పిన్ను నుంచి 470 ఓం మీదుగా బొమ్మ. రెండూ కలిసిన చోటు నుంచి తీగ టీవీ పసుపు సాకెట్టు నడిమి పిన్నుకి, గ్రౌండ్ బయటి రింగుకి. టైమర్1 ఫాస్ట్ పీడబ్ల్యూఎం 14వ మోడ్‌లో, ఐసీఆర్1 (టైమర్ ఎంతదాకా లెక్కపెట్టాలో చెప్పే రిజిస్టర్) విలువ 1023. అంటే గీతకి సరిగ్గా 64 మైక్రోసెకన్లు, ఫీల్డుకి (తెర ఒకసారి పైనుంచి కిందికి నిండడానికి) 312 గీతలు. బఫర్ 120×96. నిలువు సింక్ కోసం ఓసీఆర్1ఎ (ఏ లెక్క దగ్గర పిన్ను మారాలో చెప్పే రిజిస్టర్) లో 1023 వేసి మూడు గీతల పాటు పిన్నుని కిందే ఉంచుతున్నాను.

బొమ్మ నిలబడుతోంది. కానీ పైనున్న 15, 20 గీతలు కుడికి కొక్కెంలా వంగుతున్నాయి. అక్షరాల నిలువు అంచులు రంపం పళ్లలా ఉన్నాయి. యూఎస్‌బీ క్యాప్చర్ స్టిక్కుకి పెడితే అసలు సిగ్నలే లేదంటోంది. టీవీ, స్టిక్కు రెండూ ఒకే వై-కేబుల్ మీద ఉన్నాయి. ఇంకొకటి: ఏమీ తగిలించకుండా స్కోపులో చూస్తే తెలుపు 5 వోల్టులు చూపిస్తోంది. రెసిస్టర్లు తప్పా? ఇదంతా అయ్యాక రంగులు కూడా తేవచ్చా?

గీత_625:

టంకం_పొగ గారూ, రెసిస్టర్లు సరిగ్గానే ఉన్నాయి, కొలిచిన పద్ధతే తప్పు. టీవీ లోపల 75 ఓం లోడు ఉంటుంది, లెక్క అంతా దానితోనే. లోడు ఉంటే సింక్ పిన్ను ఒక్కటే పైన ఉన్నప్పుడు 0.30 వోల్టు, అది నలుపు. రెండు పిన్నులూ పైన ఉంటే 0.95, అది తెలుపు. రెండూ కింద ఉంటే సున్నా, అది సింక్. లోడు తీసేస్తే అవే 1.6, 5 వోల్టులు అవుతాయి. కొలవాలంటే టీవీ తగిలించి ఉంచండి, లేదా చివర 75 ఓం పెట్టండి. దొరక్కపోతే 82 ఓంకి 820 ఓం సమాంతరంగా పెడితే 74.5 వస్తుంది.

వై-కేబుల్ ముందు తీసేయండి. రెండు 75లు కలిస్తే 37.5 ఓం. అప్పుడు నలుపు 0.17, తెలుపు 0.52 దగ్గర ఆగిపోతాయి. డబ్బా టీవీ ఎలాగో సర్దుకుంటుంది, స్టిక్కు సర్దుకోదు.

ఇక కొక్కెం. టీవీ అడ్డం ఆసిలేటర్ ప్రతి 64 మైక్రోసెకన్లకి వచ్చే కిందికి దిగే అంచును పట్టుకుని నడుస్తుంది. మీరు మూడు గీతలు పిన్నుని కిందే ఉంచితే ఆ అంచులు మూడు కనబడవు. ఆసిలేటర్ పక్కకి జారిపోతుంది, మళ్లీ దారిలోకి రావడానికి పై గీతలన్నీ ఖర్చవుతాయి. నిలువు సింక్ గీతల్లోనూ అంచు తప్పకూడదు. పిన్ను 59.3 మైక్రోసెకన్లు కింద ఉండి, చివరి 4.7 మైక్రోసెకన్లు పైకి లేచి, మళ్లీ గీత మొదట్లో దిగాలి. విలోమ మోడ్‌లో (గీత మొదట్లో పిన్ను దిగి, ఓసీఆర్1ఎ దగ్గర లేచేది) మామూలు గీతకి ఓసీఆర్1ఎ 74, నిలువు సింక్ గీతకి 948. ఓసీఆర్1ఎ రాసిన వెంటనే అమలవదు, తర్వాతి గీత మొదట్లో అమలవుతుంది. కాబట్టి ఒక గీత ముందే రాయాలి.

గీత చివర బొమ్మ పిన్ను కిందికి దిగిందో లేదో కూడా చూసుకోండి. సింక్ తర్వాత వచ్చే 5.7 మైక్రోసెకన్ల బ్యాక్ పోర్చ్‌లోనే టీవీ నలుపు ఎంతో కొలుచుకుంటుంది. అక్కడ ఒక్క తెల్ల చుక్క మిగిలినా ఆ గీత మొత్తం నల్లబడుతుంది.

నానోసెకను:

రంపం పళ్ల సంగతి నేను చెబుతాను. దీనికి రెండు కారణాలున్నాయి, రెండూ వేర్వేరుగా కనబడతాయి.

మొదటిది, ఇంటరప్టు (చేస్తున్న పని ఆపి ఇటు రమ్మనే పిలుపు) వచ్చినప్పుడు ప్రాసెసర్ చేస్తున్న ఇన్‌స్ట్రక్షన్ ముగించి గానీ రాదు. అది 1 నుంచి 4 సైకిళ్లు కావచ్చు. సైకిలుకి 62.5 నానోసెకన్లు. మీ 120 చుక్కలకి చుక్కకి 6 సైకిళ్లు ఇచ్చి ఉంటే, 3 సైకిళ్ల తేడా అంటే అర చుక్క జరిగినట్టే. ప్రతి గీతకీ తేడా మారుతుంది కాబట్టి అంచంతా చిన్న చిన్న పళ్లు.

రెండోది టైమర్0. మిల్లీసెకన్ల లెక్క కోసం అది 16,384 సైకిళ్లకి ఒకసారి ఇంటరప్టు ఇస్తుంది. గీతకి 1024 సైకిళ్లు, అంటే సరిగ్గా 16 గీతలకి ఒకటి. 312ని 16తో భాగిస్తే 8 మిగులుతుంది. అందుకే ఒక ఫీల్డులో పక్కకి జరిగిన గీతలు తర్వాతి ఫీల్డులో 8 గీతల దూరంలో కనబడి, రెండు చోట్లా మిణుకుమంటాయి. రెండు టైమర్లకీ గడియారం ఒకటే కాబట్టి వాటి మధ్య దూరం మొదలైనప్పుడు ఎంతుందో అంతే ఉంటుంది. సెటప్‌లో ఒక్క లైను మార్చి మళ్లీ అప్‌లోడ్ చేస్తే లోపం మాయమవచ్చు, ఇంకో లైనుకి తిరిగి రావచ్చు. బాగైపోయిందని మోసపోకండి.

ముందు టిమ్‌స్క్0 లో (టైమర్0 ఇంటరప్టులను తెరిచే, మూసే రిజిస్టర్) సున్నా రాయండి. ఆ తర్వాత డిలే ఫంక్షన్ సరిగ్గా పని చేయదు, కాబట్టి కాలాన్ని ఫీల్డులతో లెక్కపెట్టుకోండి. ఒక్కోటి 19.968 మిల్లీసెకన్లు.

తర్వాత నిద్ర ఉపాయం. ఓసీఆర్1బి (టైమర్1 లోనే ఉన్న రెండో పోలిక రిజిస్టర్) లో 1000 వేసి దాని ఇంటరప్టు తెరవండి. అందులో చేయాల్సింది ఇంటరప్టులు తెరిచి ఐడిల్ నిద్రలోకి వెళ్లడమే. నిద్రలో ఉన్న ప్రాసెసర్ టైమర్1 ఓవర్‌ఫ్లోకి లేచేటప్పుడు ప్రతిసారీ ఒకే సంఖ్య సైకిళ్లు తీసుకుంటుంది, పళ్లు పోతాయి. గీత గీయడం 1000వ సైకిలుకి ముందే ముగియాలి. టైమర్0 తెరిచి ఉంటే నిద్రని మధ్యలో చెడగొడుతుంది, అందుకే దాన్ని ముందు మూయమన్నాను. సీరియల్ ఇంటరప్టులూ అంతే. వచ్చిన బైటుని గీత చివర్లో ఒకసారి చూసి తీసుకోండి. సెకనుకి 15,625 గీతలున్నాయి, 115200 బాడ్‌కి కూడా సరిపోతుంది.

టంకం_పొగ:

948 పెట్టగానే కొక్కెం పోయింది. నిద్ర ఉపాయంతో అంచులు గీటు పెట్టినట్టు వచ్చాయి. ఇద్దరికీ ధన్యవాదాలు. వై-కేబుల్ తీసినా స్టిక్కు మాత్రం ఇంకా సిగ్నల్ లేదనే అంటోంది.

గీత_625:

ముందు సాఫ్ట్‌వేర్‌లో పాల్ బి ఎంచుకున్నారో లేదో చూడండి, చాలా స్టిక్కులు ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి) మీద తెరుచుకుంటాయి. అది సరిగ్గా ఉంటే అర గీతల నిలువు సింక్ పెట్టండి. 32 మైక్రోసెకన్ల అర గీతలు 16: వెడల్పువి 5, తర్వాత సన్నవి 5, ఫీల్డు చివర మళ్లీ సన్నవి 6. అంటే 8 గీతలు, మిగతా 304 మామూలువి. అర గీతకి ఐసీఆర్1 విలువ 511. వెడల్పు పల్సుకి ఓసీఆర్1ఎ 436, సన్నదానికి 37. ఆ అర గీతల్లో ఓసీఆర్1బి ఇంటరప్టు మూసేయండి.

ఇక్కడ చాలామంది పడే గొయ్యి ఒకటుంది. ఓసీఆర్1ఎ తర్వాతి పల్సు నుంచి అమలవుతుంది, ఐసీఆర్1 మాత్రం రాసిన క్షణమే. ఇంటరప్టులోకి రాగానే మొదటి పనిగా రాయండి. కౌంటరు 511 దాటాక రాస్తే అది 65,535 దాకా పోయి వస్తుంది. 4 మిల్లీసెకన్ల పాటు సింక్ ఉండదు, తెర ఎగిరిపడుతుంది.

ఇదంతా చేసినా కొన్ని స్టిక్కులు 312 గీతల సిగ్నల్‌ని ఒప్పుకోవు. వాటికి 312న్నర గీతల అసలైన ఇంటర్‌లేస్ (సరి, బేసి గీతలు ఒక్కో ఫీల్డులో వంతులవారీగా గీయడం) ఇవ్వాల్సిందే.

పాతసామాన్లు:

రంగుల ప్రశ్న మిగిలింది కదా. ఊనోతో వదిలేయండి. పాల్ రంగు తరంగం 4.43361875 మెగాహెర్ట్జ్, ఊనో గడియారం 16 మెగాహెర్ట్జ్ దానికి గుణిజం కాదు. పైగా ఊనోలో ఏటీమెగాకి ఉన్నది క్రిస్టల్ కాదు, సెరామిక్ రెసొనేటర్. నలుపు-తెలుపుకి ఆ తేడా టీవీ పట్టించుకోదు, రంగుకి అస్సలు పనికిరాదు. బోర్డు విడిగా కట్టుకుంటే నాలుగు రెట్ల క్రిస్టల్, 17.734475 మెగాహెర్ట్జ్, వేయొచ్చు. 5 వోల్టుల దగ్గర 328పీకి 20 దాకా హద్దు. కానీ ప్రతి గీతకీ ఫేజు తిప్పడం, బ్యాక్ పోర్చ్‌లో 10 సైకిళ్ల బర్స్టు (టీవీకి చూపే రంగు తరంగపు నమూనా) పెట్టడం, ఇవయ్యాక బొమ్మకి సమయం మిగలదు. ఏడీ724 లాంటి ఎన్‌కోడర్ చిప్పుకి ఆర్‌జీబీ, సింక్ ఇచ్చేయడం తేలిక. లేదా పాత ఈఎస్‌పీ32 తీసుకోండి, దాని 25వ పిన్నులో డీఏసీ (అంకెని వోల్టేజిగా మార్చే భాగం) ఉంది. ఎస్3, సీ3 రకాల్లో డీఏసీ లేదు, కొనేటప్పుడు చూసుకోండి. 3.3 వోల్టుల బోర్డులో రెండు పిన్నుల పద్ధతే వాడాలంటే 1 కిలో, 470 బదులు 560, 270 ఓం వేయండి. నలుపు 0.31, తెలుపు 0.96 వస్తాయి.

ఏవీ సాకెట్టు లేని పాత టీవీ దొరికితే లోపల తీగ కలుపుదామని మాత్రం తెరవకండి. చాలా వాటిలో ఛాసిస్ నేరుగా మెయిన్స్‌కి కలిసి ఉంటుంది. మీ గ్రౌండ్ తీగ దానికి తగిలితే ఊనో, ల్యాప్‌టాప్ రెండూ పోతాయి, చెయ్యి తగిలితే ప్రాణానికే ప్రమాదం. ఆర్ఎఫ్ మాడ్యులేటర్ (వీడియోని టీవీ ఛానల్ సిగ్నల్‌గా మార్చేది) కొని యాంటెన్నా సాకెట్టుకి ఇవ్వండి.