ఇమ్యూనిటీకి నానో కణాలతో బుద్ధి చెప్పే మందు వస్తే మీరు ఎక్కించుకుంటారా?

గోళీసోడా: గోధుమ తింటే ఇమ్యూనిటీ సొంత పేగు మీదే దాడి చేసే సీలియాక్ జబ్బు మీద జరిగిన ఒక ట్రయల్ గురించి చదివా. గోధుమలో ఉండే గ్లియాడిన్ అనే ప్రోటీన్‌ని, ఒంట్లో కరిగిపోయే పీఎల్‌జీఏ నానో కణాల్లో దాచి సెలైన్‌లా నరంలోకి ఎక్కించారు. ప్లీహం, కాలేయం వాటిని చచ్చిన కణాల చెత్త అనుకుని మింగేసి, ఈ ప్రోటీన్ జోలికి పోవద్దని దాడి చేసే తెల్ల రక్తకణాలకి, అంటే టి-కణాలకి, చెప్తాయన్నది ఐడియా. తర్వాత 14 రోజులు గ్లూటెన్ (గ్లియాడిన్ ఉండే గోధుమ ప్రోటీన్) తినిపిస్తే, మందు పడ్డవాళ్ళలో ఆ టి-కణాల గోల బాగా తగ్గింది. రేపు కీళ్ళవాతానికీ వస్తే?

నిప్పుకోడి: నేను చస్తే ఎక్కించుకోను. ఎమ్‌ఆర్‌ఎన్‌ఏ టీకా వేయించుకున్న అరగంటకి నా పెదాలు ఉబ్బాయి, డాక్టర్ తలెత్తి చూడకుండానే టెన్షన్ అన్నాడు, చీటీలో ఒక్క ముక్క రాయలేదు. అందులోనూ నానో కణాలే కదా

ల్యాబ్‌పిల్లి: అవి కొవ్వుతో చేసిన నానో కణాలు, పైన పెగ్ (పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే రసాయనం) పూత ఉంటుంది, కొందరికి అదే పడదేమోనని అనుమానం. ఇవి వేరే పదార్థం. నానో అంటే సైజే అండీ. 1986 నుంచి వేస్తున్న ఈస్ట్‌తో చేసిన హెపటైటిస్ బి టీకాలో ఉన్నదీ 22 నానోమీటర్ల కణమే.

నిప్పుకోడి: 22 అయితే ఏంటి 100 అయితే ఏంటి, నా పెదాలు ఉబ్బాయా లేదా?

వానకోయిల: మళ్ళీ మొదలెట్టారు ఇద్దరూ

ల్యాబ్‌పిల్లి: ఉబ్బలేదని ఎవరన్నారు! అది పెగ్ వల్లో కాదో టెస్ట్ చేయించుకున్నారా?

గోళీసోడా: పెదాల గొడవ ఆపండి బాబూ. నేను కీళ్ళవాతానికి ఏళ్ళ తరబడి మెథోట్రెక్సేట్ మాత్ర మింగుతున్నా, అది తప్పూ ఒప్పూ చూడకుండా ఇమ్యూనిటీని అణిచేస్తుంది, ఇంట్లో ఎవరు దగ్గినా నాకు గుండె దడ. నువ్వు ఒక్క పూట భయపడ్డావ్, నాది రోజూ ఉన్న బాధే.

నిప్పుకోడి: నీ మాత్ర పడకపోతే రేపు మానేస్తావ్. ఇది ఎలా మానేస్తావ్? నానో కణం కరిగిపోతుంది సరే, టి-కణాలు నేర్చుకున్నది కరగదుగా. ఇప్పటిదాకా నేను అడుగుతున్నది ఇదే.

ల్యాబ్‌పిల్లి: ఎక్కడడిగారు, పెదాల గురించేగా అడిగింది! సరే, ఇది మాత్రం అడగాల్సిన ప్రశ్నే. కానీ నేర్పేది ఒక్క ప్రోటీన్ గురించి, మిగతా కాపలా అలాగే ఉండాలి. నా అనుమానం ఇంకోటి, ఎన్నాళ్ళు గుర్తుంటుంది? 14 రోజుల పరీక్షలో అది తేలదు. పైగా సీలియాక్‌లో దొంగ ఎవడో తెలుసు, కీళ్ళవాతంలో దాడి ఏ ప్రోటీన్ మీదో మనిషికో రకం, నానో కణంలో ఏం పెట్టాలి?

నిప్పుకోడి: గుర్తుంటే వెనక్కి తియ్యలేం, మర్చిపోతే మళ్ళీ ఎక్కించుకోవాలి, బాగుంది. తేడా కొడితే నేను చెప్పింది రాసుకునే డాక్టర్‌ని చూపించండి, అప్పుడు ఆలోచిస్తా.

గోళీసోడా: నీకు డాక్టర్ మీద కోపం, దానికి మందుని తిడుతున్నావ్. ఆగడానికి నీకు టైమ్ ఉంది, నాకు వేళ్ళు వంకర పోతున్నాయ్. ట్రయల్ పెడితే పేరిచ్చేస్తా

వానకోయిల: కణంలో ఏం పెట్టాలో తేలాక కదా అన్నా ట్రయల్