ఎడతెగక పారేది ఏరా, నీరా?

నెల్లూరు: పిల్లల కథ ఒకటి తెలుగు చేస్తున్నాను. అందులో స్ట్రీమ్ అనే మాట మూడు చోట్ల మూడు రకాలుగా వచ్చింది. ఆటకు ప్రత్యక్ష ప్రసారం, చదువుకు గ్రూపు అని రాశాను. కొండ దిగే నీటి దగ్గరే పేచీ. వాగు అనాలా, ఏరు అనాలా? ఆలోచిస్తుంటే సుమతి పద్యం నోటికొచ్చి సగంలో ఆగింది. ‘ఎప్పుడు నెడతెగక పారు...’ తర్వాత నేరునా, నీరునా? మా అమ్మ నీరనే చదివేది.

కావలి: ‘నేఱును ద్విజుడున్’. యతి చూడండి, ‘నెప్పుడు’లో నెకు నే కుదిరింది. నీరు అక్కడ నిలవదు.

ఒంగోలు: నిలుస్తుందండీ. ఇ ఈ ఎ ఏలకు మైత్రి ఉంది కదా. గణమూ చెడదు. యతి చూపించి అమ్మగారి పాఠాన్ని కొట్టేయలేం.

కందుకూరు: అసలు తేల్చవలసింది ఱ. ఏఱు అంటే నది. ఏరు అంటే నాగలి, ఏరువాక అందులోదే. తమిళులు రాతలో ఇప్పటికీ ఆఱు, ఏర్ అని విడిగానే ఉంచుకున్నారు. బండి ఱను వదిలేసి రెంటినీ కలిపేసింది మనమే.

ఒంగోలు: ఱ అనగానే ఎఱ్ఱన గుర్తొస్తాడు నాకు. నన్నయ శరద్రాత్రుల వెన్నెల దగ్గర ఆగిపోతే, అదే శరత్తులో సూర్యోదయంతో అందుకున్నాడు. అరణ్యపర్వంలో ఆ అతుకు వెతికినా కనబడదు.

నెల్లూరు: మిగిలిన పదిహేను పర్వాలు మా తిక్కనవి, మాస్టారూ!

కావలి: పద్యానికి వద్దాం. ఎడతెగక పారాలంటే పెన్న ఏ లెక్కలోకి వస్తుంది? ఏడాదిలో చాలా నెలలు ఇసుకే కదా.

కందుకూరు: వస్తుంది. వేసవిలో మన్నేరులో చెలమ తీసేవాళ్లం. మోచేతి లోతు తవ్వితే ముందు ఇసుక తడిసేది, కాసేపటికి అడుగున నీళ్లు ఊరి గుంట నిండేది. తోడేకొద్దీ వచ్చేవి. పైకి కనబడనంత మాత్రాన ఏరు తెగినట్టా?

కావలి: ఈ మాట చాలా బాగుంది. ఇంకొకటి, పాఱులోనూ ఱ ఉంది. ‘పాఱు నేఱు’ అని పక్కపక్కనే పలికి చూడండి. నీరులో ఉన్నది మామూలు ర, ఆ ఒరిపిడి రాదు.

ఒంగోలు: ఒరిపిడి ప్రాసకు పనికొస్తుంది. పాఠనిర్ణయానికి తాళపత్రం కావాలి.

నెల్లూరు: కథలో వాగు అని రాసేశాను, వాన వెలిశాక ఎండిపోయేదే కనుక. మా అమ్మ కూడా పెన్న చెలమల్లో బిందె ముంచిన మనిషే. ఆవిడ నీరు అన్నది అందుకేనేమో.